ఉత్త చేతులతో పండగకా?

*డబ్బు, ఒంట్లో శక్తి, తీరిక... ఆఖరికి ‘అర్హత’ కూడా లేదనిపించుకున్నవాళ్లకు పండగలో ఇచ్చే చోటు ఎక్కడుంది?*

ధనుర్మాసం తెల్లవారుజాము. వీధి చివర చిడతల చప్పుడు వినపడగానే ఇంట్లో పెద్దవాళ్లు బియ్యం డబ్బా మూత తీస్తారు. పోసేది మాత్రం వాళ్లు కాదు. నిద్రకళ్లతో ఉన్న నాలుగేళ్ల పాపను లేపి, దోసిట్లో పట్టినన్ని పోసి గుమ్మం దాటిస్తారు. సగం గింజలు ముగ్గు మీదే రాలిపోతాయి. తలమీద అక్షయపాత్ర, భుజాన తంబురా, కాళ్లకు గజ్జెలు, నుదుట నామాలతో వచ్చిన హరిదాసు పాట ఆపకుండానే ఆ పాప ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు. పాత్రను తలమీంచి దించడు. ఊరు తిరగడం పూర్తయి ఇల్లు చేరేదాకా దాన్ని కింద పెట్టకూడదన్నది నియమం. అందుకని తానే కిందికి వస్తాడు. పాప మునివేళ్ల మీద లేచి, చేతిలో మిగిలిన గుప్పెడూ పాత్రలో వేస్తుంది. ఆయన గోవింద నామం చెప్పుకుంటూ పక్కింటికి నడుస్తాడు.

చూడముచ్చటగా ఉందని వదిలేస్తే ఇందులో అసలు సంగతి జారిపోతుంది. ఆ ఇంట్లో ఇచ్చే శక్తి అందరికంటే తక్కువున్న మనిషిని ఏరి మరీ ఇప్పించారు. ఆ బియ్యం ఆమె సంపాదన కాదు, పాత్ర అందుకునే ఎత్తు లేదు, చేతిలో పట్టేది గుప్పెడు, అందులోనూ కొంత నేలపాలు. ఇన్ని లోట్లున్నా ఆ పూటకి దాత ఆమే. పుచ్చుకునేవాడు మోకాళ్లు వంచాడు కాబట్టి అది సాధ్యమైంది. ఇచ్చేవాళ్ల శక్తికి తగ్గట్టు పుచ్చుకునేవాళ్లు ఒదగాలన్న ఎరుక మన పాత పండగల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. ఇప్పటి పండగల్లో అది పల్చబడింది. చెయ్యి చాచలేక ఎవరైనా పండగ నుంచి తప్పుకుంటున్నారంటే, వాళ్ల చేతిని తప్పుపట్టే ముందు మనం పాత్రను ఏ ఎత్తులో పెట్టామో చూసుకోవాలి.

సంక్రాంతి దగ్గరపడితే హైదరాబాద్ నుంచి ఊళ్లకు కదిలే జనం గురించే అందరి మాటా. రైళ్లలో వెయిటింగ్ లిస్టు, ప్రైవేటు బస్సుల రేట్లు, పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లు. టీవీలు చూపించేది వెళ్లేవాళ్లనే. వెళ్లనివాళ్లలో సెలవు దొరకనివాళ్లు కొందరైతే, సెలవుండీ ఆగిపోయేవాళ్లు ఇంకొందరు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పని ఇంజినీరు, బండి మరమ్మతుకే నెల సంపాదన పోయిన డెలివరీ కుర్రాడు, వీసా అప్పు తీరకుండానే గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కూలీ. ఫోన్లో అమ్మ ‘ఏమీ తేకపోయినా పర్లేదురా, నువ్వొస్తే చాలు’ అంటుంది. ఆ మాట నిజమే. కానీ చెల్లెలికి చీర, మేనకోడలికి గౌను, నాన్నకు పంచె, పక్కింటి అత్తకు కనీసం ఒక స్వీటు ప్యాకెట్టు లేకుండా వీధి మలుపు తిరగడానికి కాళ్లు రావు. ‘డ్యూటీ ఉందమ్మా’ అనేస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. దాంతోపాటు పండగా తప్పుతుంది.

365 రకాల విస్తరి పక్కన

2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించి దేశమంతా వార్తలకెక్కింది. ఆ తర్వాత ఏటా ఎక్కడో ఒకచోట అలాంటి విస్తరి ఫోటో బయటకొస్తూనే ఉంది. ఇందులో మర్యాద ఉంది, ముచ్చట ఉంది, గోదావరి వెటకారం కూడా కొంత ఉంది. ఎవరింట్లో వాళ్లు ఎన్ని వండుకున్నా తప్పుపట్టే పని లేదు. చిక్కల్లా ఆ విస్తరి ఫోను ఫోనుకీ ఎక్కి ఊరూరా తిరిగాక మొదలవుతుంది. పదకొండు రకాలతో అల్లుణ్ని సంతోషపెట్టిన ఇల్లాలికి హఠాత్తుగా తన వంట తక్కువైపోయినట్టు అనిపిస్తుంది. తెలంగాణలో సంక్రాంతి నోములకు పసుపు, కుంకుమ, నువ్వులు, బెల్లం, రేగుపళ్లు చాలిన చోట ఇప్పుడు స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, అలంకరించిన బుట్టలు పంచుతున్నారు. పదమూడేసి చొప్పున టోకున కొనడానికి బేగంబజారులో ప్రత్యేకంగా దుకాణాలే తిరుగుతారు. పోయినేడు ఎవరేమిచ్చారో గుర్తుపెట్టుకుని దానికి ఒక మెట్టు పైన ఇవ్వాలి. ఆ మెట్టు ఎక్కలేనివాళ్లు ‘ఈ ఏడు నోము పట్టలేదండీ’ అని ఊరుకుంటారు.

పాత పద్ధతికీ దీనికీ తేడా ఎక్కడొచ్చిందో చూస్తే ఒక సంగతి తేలుతుంది. పండగ దానం ఒకప్పుడు కళ్లం నుంచి వచ్చేది. కుమ్మరికీ, కమ్మరికీ, చాకలికీ, మంగలికీ కొలిచే మేర, పిచ్చుకల కోసం చూరుకు కట్టే వరికుచ్చు, గంగిరెద్దులవాళ్లకు చాటెడు వడ్లు, అన్నీ ఆ ఏటి పంటలోంచే. పంట పోతే ఊరందరికీ పోయేది. ఇచ్చే కొలత అందరిదీ ఒకేసారి తగ్గేది. ఎవరూ ఒంటరిగా చిన్నబోయే పని ఉండేది కాదు. ఇప్పుడు ఇచ్చే వస్తువు దుకాణం నుంచి వస్తోంది, దాని వెల జీతం నుంచి వస్తోంది. ఒకే మెట్ల మీద ఉన్న నాలుగు ఫ్లాట్లలో నాలుగు రకాల జీతాలు. ఒకింటి కరువు పక్కింటికి తెలియదు. లేమి వ్యక్తిగతమైంది కాబట్టి సిగ్గు కూడా వ్యక్తిగతమైంది. ఆ పాత కాలం బంగారమని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. మేర అన్నది దానం ముసుగులో ఉన్న కూలి. ఎవరు కొలవాలో, ఎవరు కొంగు పట్టాలో కులమే నిర్ణయించేది. ఆ ఊళ్లోకి తిరిగి వెళ్లాలని ఎవరూ కోరుకోనక్కర్లేదు. పంటతోపాటు కొలత పెరిగీ తరిగీ నడిచిన ఆ వీలును మాత్రం గుర్తుపెట్టుకోవచ్చు.

కొత్త సౌకర్యాలు ఈ సిగ్గును తగ్గిస్తాయనుకుంటే అదీ అంత తేలిగ్గా జరగలేదు. 2021 నవంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఒక గంగిరెద్దు వీడియోను అందరితో పంచుకున్నారు. ఎద్దు నుదుటి మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఆ కోడ్‌కు రూపాయైనా పంపవచ్చు. పంపేవాళ్లెవరు? గుప్పెడు బియ్యంలో ఎన్ని గింజలున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, ఫోన్లో ఒక రూపాయి ఒక రూపాయిగానే కనిపిస్తుంది. కొట్లో అయితే దాన్ని పైకి చదివి వినిపించే పెట్టె కూడా ఉంటుంది!

గుప్పెడు లెక్క

తక్కువ ఉన్నవాళ్లు కూడా ఇవ్వగలిగేలా కొలతను ముందే చిన్నగా నిర్ణయించడం ఎన్నో సమాజాలు కనిపెట్టిన ఉపాయం. మిజోరంలో 1910 ప్రాంతం నుంచి ప్రెస్బిటేరియన్ క్రైస్తవుల ఇళ్లలో ఒక ఆచారం నడుస్తోంది. పూటపూటా వంటకు బియ్యం తీసేటప్పుడు ఇల్లాలు ఒక గుప్పెడు పక్కన పెడుతుంది. వారం తిరిగేసరికి అది చర్చికి చేరుతుంది. అలా పోగైన బియ్యం అమ్మకం మీద ఆ సంఘం ఏటా కోట్ల రూపాయలు సమకూర్చుకుంటోంది. మిజో కొండలతో ఏ సంబంధమూ లేని కంచి పీఠంలో చంద్రశేఖరేంద్ర సరస్వతి స్వామి సరిగ్గా ఇలాంటి పద్ధతినే తన భక్తులకు చెప్పారు: వండే ముందు రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టండి, పోగుచేసి ఆకలిగొన్నవాళ్లకు పెట్టండి అని. వేరువేరు మతాలు, వేరువేరు భాషలు. ఇద్దరికీ తట్టింది మాత్రం పిడికిలే. ఎందుకంటే ఎంత పేద ఇంట్లోనైనా పొయ్యి వెలిగిన రోజున పిడికెడు తగ్గినంత మాత్రాన ఎవరూ పస్తు పడుకోరు. పైగా అది ఇల్లాలి చేతిలో పని. పెట్టె తాళం మగవాడి దగ్గరున్న ఇళ్లలో కూడా బియ్యం డబ్బా ఆమెదే.

రంజాన్ చివర ఇచ్చే ఫిత్రా ఇంకా తెలివైన ఏర్పాటు. జకాత్‌కు ఆస్తి ఒక హద్దు దాటాలి, ఆ హద్దు కింద ఉన్నవాళ్లకు అది వర్తించదు. ఫిత్రా అలా కాదు. ఇంట్లో ఎంతమంది ఉంటే అందరి తరఫునా, పండగకు ముందు పుట్టిన పసికందు తరఫున కూడా, తలకింత ధాన్యమో దాని వెలో ఇవ్వాలి. గోధుమల లెక్కన చూస్తే మనిషికి రెండు కిలోలు అటూ ఇటూ. హనఫీ సంప్రదాయం దీనికి కూడా ఆస్తి హద్దు పెడుతుంది గానీ, మిగతా న్యాయశాఖల్లో ఆ రోజుకు తన ఇంటి తిండికి మించి ఉన్న ప్రతివాళ్ల మీదా ఆ బాధ్యత ఉంది. కాబట్టి తన ఫిత్రా ఇచ్చిన మనిషే ఇంకొకరి ఫిత్రా పుచ్చుకునే వీలుంది. పైపైన చూస్తే ఇది అర్థంలేని చక్రంలా తోస్తుంది: ఇటు ఇచ్చి అటు తీసుకోవడం దేనికి? లెక్కలో మారేదేమీ లేదు. మారేదల్లా మనిషి ఈద్‌గాకు నడిచే తీరు. నమాజుకు ముందే ఫిత్రా ఇచ్చేయాలన్న నిబంధన ఉండటంతో, ఆ వరుసలో నిలబడే పేదవాడు అప్పటికే దాత.

> రొట్టె ఒకటే, కోరిక వేరు
> నెల్లూరులో మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నిండా జనం. విద్య రొట్టె, వివాహ రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, ఈమధ్య వీసా రొట్టె. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె అందుకుంటారు. తమది తీరాక మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. అమెరికా వీసా వచ్చినవాడు ఇచ్చేదీ రొట్టే, జ్వరం తగ్గిన కూలీ ఇచ్చేదీ రొట్టే. ఎక్కువ ఇచ్చి గొప్ప చూపించుకునే సందు ఆ నీళ్లలో లేదు. హిందువులు, ముస్లింలు అన్న తేడా కూడా అక్కడ పట్టించుకోరు.

అయిదు డాలర్లా, ఇరవయ్యా?

చిన్న కొలత మనసును సరిపెట్టుకోవడానికి చెప్పే కబురేనా? 2008లో సైన్స్ పత్రికలో ఎలిజబెత్ డన్, లారా అక్నిన్, మైకేల్ నార్టన్ ప్రచురించిన ఒక పరిశీలన దీనికి కొంత జవాబు చెబుతుంది. కెనడాలోని వాంకూవర్‌లో 46 మందికి ఉదయాన్నే ఒక్కో కవరు ఇచ్చారు. కొన్నింట్లో అయిదు డాలర్లు, కొన్నింట్లో ఇరవై. కొందరిని సాయంత్రంలోగా తమకోసం ఖర్చుపెట్టుకోమన్నారు, కొందరిని ఇతరుల కోసం. సాయంత్రం అడిగితే ఇతరుల మీద ఖర్చుపెట్టినవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నారు. అందులో అయిదుకీ ఇరవైకీ తేడా కనిపించలేదు. ‘కెనడావాళ్ల కడుపు నిండింది కాబట్టి సరదాగా ఇస్తారు’ అనే అనుమానం సహజమే. ఆ బృందమే తర్వాత దక్షిణాఫ్రికాలో ప్రయత్నించింది. పాల్గొన్నవాళ్లలో ఐదోవంతుకు పైగా, గడిచిన ఏడాదిలో తిండి కొనడానికి డబ్బు చాలని రోజులు చూసినవాళ్లు. ఎన్నడూ చూడబోని ఒక జబ్బు పిల్లకు మిఠాయి పొట్లం కొనిచ్చినవాళ్లు, తమకోసం కొనుక్కున్నవాళ్ల కంటే తేలికపడిన మనసుతో కనిపించారు. 2013లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి.

పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి చూసినా లెక్క ఇలాగే ఉంది. ఖరీదు పెరిగేకొద్దీ అవతలివాళ్లు ఎక్కువ సంతోషిస్తారని ఇచ్చేవాళ్లు నమ్ముతారనీ, అందుకున్నవాళ్ల సంతోషానికి ఖరీదుతో అంత సంబంధం లేదనీ ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో చూపించారు. అంతకుముందు 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అర్థశాస్త్రవేత్త అమెరికా క్రిస్మస్ కానుకల మీద ఒక కొంటె లెక్క వేశాడు: కానుక కొనడానికి అయిన ఖర్చులో పది శాతం నుంచి మూడోవంతు దాకా అందుకున్నవాళ్ల దృష్టిలో దండగేనట. తామైతే అంత పెట్టి ఆ వస్తువు కొనుక్కునేవాళ్లం కాదని వాళ్లు చెప్పారు. అటక మీద దుమ్ము పట్టిన డిన్నర్ సెట్లను చూసినవాళ్లెవరికీ ఈ సంగతి వివరించనక్కర్లేదు. కానుకకు డబ్బు చాలక ఊరికి వెళ్లకుండా పట్నంలోనే ఆగిపోయిన ఆ డెలివరీ కుర్రాడు, ఎవరూ అడగని పరీక్షలో తప్పానని తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

లేనివాణ్ని ఇమ్మనడం క్రూరం కదా?

దీనికి ఎదురయ్యే అసలు ప్రశ్న ఇది. అప్పుల్లో ఉన్న మనిషికి ‘ఇస్తే సంతోషం వస్తుంది’ అని చెప్పడం పుండు మీద కారం చల్లినట్టే. మహాభారతంలోని సక్తుప్రస్థుడి కథ మన పెద్దలు ఎంత మురిసిపోతూ చెప్పినా, ఆ కథను కాస్త ఆగి చదివితే గుండె పట్టేస్తుంది. రోజులతరబడి పస్తున్న ఇంట్లో దొరికిన కాస్త పేలపిండినీ నాలుగు భాగాలు చేసుకుంటే, వచ్చిన అతిథికి ముందు ఇంటాయన, తర్వాత భార్య, కొడుకు, ఆఖరికి కోడలు తమ వంతు ఇచ్చేస్తారు. ఆ ఇంటి నేల మీద పొర్లిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది, ధర్మరాజు అశ్వమేధంలో పొర్లినా మిగతా సగం కాలేదు. రాజు గర్వం అణచడానికి ఈ కథ అవసరమే. పేదవాళ్లకు పాఠంగా చెప్పడానికి మాత్రం పనికిరాదు. ఆకలితో నకనకలాడే కోడలి పిండి కూడా అడిగి తినే అతిథిని ఏ ఇల్లూ భరించనక్కర్లేదు.

ఆ మాటకొస్తే పాత ధర్మశాస్త్రాలే దానానికి పై హద్దు పెట్టాయి. తనవాళ్లు దుఃఖంలో బతుకుతుండగా పరాయివాళ్లకు ఇచ్చేవాడిది ధర్మంలా కనిపించే అధర్మమనీ, అది పైకి తేనె, లోన విషమనీ మనుస్మృతి పదకొండో అధ్యాయం తేల్చింది. మనుస్మృతితో తగవు పెట్టుకోవడానికి సవాలక్ష కారణాలున్నా ఈ ఒక్కచోట దానితో తగవు లేదు. పిల్లల ఫీజు ఆపి గుడికి వెండి తొడుగు చేయించే మొక్కులు, అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి ఆడపడుచుకు పెట్టే పట్టుచీరలు ఈ హద్దు దాటినవే. లేనివాళ్లను ఎక్కువ ఇమ్మని నెట్టడానికి ఇక్కడి మాట చెల్లదు. ఇవ్వాలని వాళ్లంతట వాళ్లు చెయ్యి చాచినప్పుడు, ఆ చేతిలో ఉన్నది ఎంత చిన్నదైనా పనికొచ్చేలా చోటు చూపించాలన్నంతవరకే దాని పరిధి. విజయవాడలో భిక్షాటన చేసుకునే ఒక వృద్ధుడు కొన్నేళ్లుగా అక్కడి సాయిబాబా గుడికి లక్షల రూపాయలు విరాళమిచ్చాడని 2020లో పత్రికలు రాశాయి. అంతటి మొత్తం ఇవ్వాల్సిన అవసరం ఆయనకు లేదని వాదించవచ్చు. కానీ ఆ మెట్ల మీద రోజూ పుచ్చుకునేవాడిగానే కనిపించిన మనిషికి, ఇచ్చేవాడిగా కూడా కనిపించాలని ఎందుకు అనిపించిందో ఊహించడం కష్టమా?

పింఛనులోంచి పండగ మామూలు

‘పిడికెడు బియ్యం, ఉడతాభక్తి అంటూ కూర్చుంటే ప్రభుత్వం చేయాల్సిన పని ఎవరు చేస్తారు?’ అన్నది రెండో అభ్యంతరం. న్యాయమైన అభ్యంతరం. దయతో నడిచే సమాజం కంటే హక్కుతో నడిచే సమాజమే మేలు. కానీ ఈ రెండింటికీ పోటీ పెట్టడంలోనే పొరపాటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000. తెలంగాణలో అప్పటికి 2,016, 4,016. ఆ డబ్బుతో మందులు కొనుక్కుంటారు, కిరాణా బాకీ తీరుస్తారు. ఇంకొక పని కూడా చేస్తారు. భోగినాడు మనవడి తల మీద పోసే రేగుపళ్లలో కలిపే రూపాయి బిళ్లలు, పట్నం నుంచి వచ్చిన మనవరాలి చేతిలో గుట్టుగా పెట్టే వందనోటు, ఇవన్నీ ఆ పింఛను సొమ్ములోంచే. కొడుకుని అడిగి తీసుకున్న డబ్బు మనవడికిస్తే అది కొడుకు ఇచ్చినట్టే. పింఛను డబ్బు ఇస్తే మామ్మ ఇచ్చినట్టు.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో, దక్షిణాఫ్రికా వృద్ధాప్య పింఛను మీద 2003లో ఒక పరిశోధన వెలువరించారు. అమ్మమ్మలకో నానమ్మలకో పింఛను వచ్చే ఇళ్లలో ఆడపిల్లల బరువు మెరుగుపడింది. తాతలకు వచ్చిన ఇళ్లలో అలాంటి మార్పు కనబడలేదు. ముసలావిడకు హక్కుగా వచ్చిన డబ్బు, ఆమె చేతి మీదుగా దానమై మనవరాలి పళ్లెంలోకి చేరిందన్నమాట. ప్రభుత్వం తన పని సరిగ్గా చేసినచోట ఇచ్చేవాళ్లు తగ్గిపోరు, పెరుగుతారు. పింఛను పెంచమని అడిగేటప్పుడు మందుల ఖర్చుతోపాటు ఈ లెక్క కూడా చెప్పవచ్చు.

పుచ్చుకోవడం రానివాళ్లు

ఇంతకీ పాత్రను పైకెత్తి పట్టుకున్నదెవరు? బజారును తిట్టడం తేలిక. మన ఇళ్ల గుమ్మాల్లోనే ఈ తప్పు రోజూ జరుగుతుంది. ఇంట్లో పనిచేసే మనిషికి పండగనాడు చీర, గిన్నెడు పులిహోర, అరిసెలు ఇస్తాం. మర్నాడు ఆమె తనింట్లో వండిన అరిసెలు నాలుగు కాగితంలో చుట్టుకుని తెస్తుంది. ‘అయ్యో, నీకెందుకమ్మా ఈ శ్రమ, పిల్లలకు పెట్టుకో’ అంటాం. జాలిగానే అంటాం. తీసుకున్నా ఆ పొట్లం వంటింటి గట్టు మీదే ఉండి సాయంత్రానికి ఎటో పోతుంది. అందులో జాలి ఎంత, కులం ఎంత, ‘ఏ నూనెలో వేయించిందో’ అన్న అనుమానం ఎంత అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. ఆమెకు మాత్రం ఒకటే అర్థమవుతుంది, ఈ ఇంట్లో తనది ఎప్పటికీ పుచ్చుకునే చెయ్యేనని. ఆ నాలుగు అరిసెలూ ఆమె ఎదురుగా తుంచి తిని, బెల్లం ఎక్కడ కొన్నావని అడగడానికి ఖర్చేమీ కాదు.

కుచేలుడి కథను చాలామంది అటుకుల గొప్పదనంగా చెప్పుకుంటారు. భాగవతంలో ఆ అటుకులు కూడా ఇరుగుపొరుగు దగ్గర భార్య అడిగి తెచ్చినవే. ద్వారక వైభవం చూశాక కుచేలుడు వాటిని ఇవ్వలేక చెంగులో దాచుకున్నాడు. కథ అక్కడే ఆగిపోవాల్సింది. కృష్ణుడు ఆ మూట తనే లాక్కుని విప్పి, పిడికిలి నిండా తీసుకుని తిన్నాడు. చేతిలో ఉన్నది ఇవ్వడానికి సిగ్గుపడే స్నేహితుడి దగ్గర ఆ మాత్రం దౌర్జన్యం చెల్లుతుంది. వాయనం ఇచ్చే పద్ధతిలోనూ ఇదే ఉంది. ‘ఇస్తినమ్మ వాయనం’ అన్నాక అవతలావిడ ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అని తీరాలి. ఆ జవాబు రాకపోతే ఇచ్చినావిడ చెయ్యి అలాగే చాచి ఉండిపోతుంది.

ఆ వాయనానికే ఇంకో ముఖం ఉంది. భర్త పోయిన స్త్రీ పేరంటానికి రాకూడదు, పసుపు కుంకుమ ఇవ్వకూడదు. డబ్బుంది, ఓపికుంది, ఇవ్వాలన్న కోరికుంది, అయినా ఇచ్చే వరుసలోంచి తీసేశారు. ఏ లేమీ చేయనంత పని ఒక ఆచారం చేసింది. ఇలాంటి లోటుకు ‘ఉన్నదాంట్లో ఇవ్వండి’ అనే సలహా ఏమీ చేయలేదు. ఆమె చేతి బొట్టు పెట్టించుకోవడానికి ఇంకో ఆడమనిషి ముందుకు రావాలి. ఈమధ్య కొన్ని ఇళ్లలో కూతుళ్లు మొదటి తాంబూలం అమ్మ చేతి మీదుగానే అందుకుంటున్నారు, ఎవరి అనుమతీ అడగకుండా.

> ఒకరి సెలవు ఇంకొకరికి
> డబ్బున్నా తీరిక లేనివాళ్ల ఇబ్బంది వేరు. ఆస్పత్రి నర్సులు, 108 సిబ్బంది, ఆర్టీసీ డ్రైవర్లు, కరెంటు లైన్‌మన్లు పండగనాడు ఇంట్లో ఉండేది తక్కువ. క్రిస్మస్‌నాడు తోటి నర్సు డ్యూటీ తాను చేసి, సంక్రాంతికి తన డ్యూటీ ఆమెకు అప్పగించడం ఆస్పత్రుల్లో తెలిసిన ఏర్పాటే. ఎనిమిది గంటల డ్యూటీ కంటే విలువైన కానుక బజారులో వెతికినా దొరకదు. డబ్బుతో పనిలేకుండా ఇవ్వగలిగింది ఇంకొకటుంది, రక్తం: 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వవచ్చు. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి.

ఒంట్లో శక్తి లేనప్పుడు

ముసలితనం, జబ్బు ఉన్నచోట పుచ్చుకునే వరుసలో కూర్చోబెట్టడం ఇంకా సహజంగా జరిగిపోతుంది. ‘మీరు కదలకండి, అన్నీ మేం చూసుకుంటాం’ అనడం గౌరవమనే అనుకుంటాం. అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతంలో 423 వృద్ధ దంపతుల జంటలను స్టెఫనీ బ్రౌన్ బృందం అయిదేళ్లపాటు గమనించి 2003లో రాసిన వ్యాసం ఈ గౌరవాన్ని మరోసారి ఆలోచించుకోమంటుంది. చుట్టాలకో, స్నేహితులకో, ఇరుగుపొరుగుకో ఏదో ఒక సాయం చేసేవాళ్లలో, భార్యకో భర్తకో మాటతో ఆసరా ఇచ్చేవాళ్లలో ఆ అయిదేళ్లలో మరణాలు తక్కువ. సాయం అందుకోవడం వల్ల అలాంటి మేలు కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే సాయం చేయగలరు కాబట్టి వాళ్లే ఎక్కువకాలం బతికారేమో అన్న సందేహం పరిశోధకులకూ వచ్చింది. ఆరోగ్యం తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఫలితం నిలిచింది. ఒక్క పరిశోధనతో ఆయుష్షు సూత్రాలు రాసేయకూడదు గానీ, మంచంలో ఉన్న మనిషికి అన్నీ అందించి ఏదీ అడగకపోవడం సేవ అనుకునే అలవాటును ప్రశ్నించడానికి ఇది చాలు.

అడగడానికి ఏముంటుంది అంటే, చాలానే ఉంటుంది. చూపు మందగించిన తాతకు ఏ పొలం ఎవరి నుంచి ఎలా వచ్చిందో తెలుసు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన టీచరుకు పదో తరగతి లెక్కలు నోటికొచ్చు. ఏడాది లోపల చావు జరిగి పండగ చేసుకోని ఇంటికి చుట్టుపక్కలవాళ్లు పిండివంటలు పట్టుకెళ్లడం మన ఊళ్లలో ఉన్న మంచి అలవాటే. ఆ ఇంటి పెద్దావిడ ‘నా చేత్తో కాస్త బెల్లం పెడతాను, తీసుకెళ్లండి’ అంటే, మైల సంగతి ఎత్తకుండా తీసుకోవడం అంతకంటే మంచి అలవాటు అవుతుంది.

పండగనాడు వృద్ధాశ్రమాలకు బయల్దేరేవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. పళ్లు, దుప్పట్లు, ఒక బ్యానరు, ఒక ఫోటో, ఆ తర్వాత మధ్యాహ్నం భోజనానికి ఇళ్లకు. ఈ భోగికి వెళ్లేవాళ్లు దుకాణంలో కొన్న అరిసెలకు బదులు తడి బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, నూనె పట్టుకెళ్లవచ్చు. పాకం ఎప్పుడు దించాలో ఇప్పటి వంటిళ్లలో చాలామందికి తెలియదు; అక్కడి పెద్దవాళ్లలో చాలామందికి తెలుసు. పొయ్యి దగ్గర నిలబడలేనివాళ్లు కుర్చీలో కూర్చుని, నీళ్ల గిన్నెలో వేసిన బొట్టు వేళ్ల మధ్య ఉండ కట్టిందో లేదో చూసి చెప్పగలరు. పిండి కలిపేది పిల్లలు, ఒత్తేది వచ్చినవాళ్లు. తిరిగి వెళ్లేటప్పుడు సంచిలో ఒక డజను పెట్టి ఇంటికి పట్టుకెళ్లమంటే, వద్దనకూడదు.